మన సర్టిఫికెట్లు విదేశంలో చెల్లాలంటే ఏం చేయాలి? హైదరాబాద్ నుంచి మొదలుపెట్టేవారికి దశలవారీగా

"అన్నా, అపోస్టిల్ చేయిస్తే సరిపోతుందా?" నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ ప్రశ్నతోనే మొదలవుతాయి. సరిపోతుందో లేదో చెప్పాలంటే ముందు నేను రెండు విషయాలు అడగాలి. ఏ దేశం వెళ్తున్నారు? అక్కడ ఏ పని చేస్తారు? చాలామంది ఈ రెండూ తేల్చుకోకుండానే డబ్బు కట్టేసి, తర్వాత ఫోన్ చేస్తారు. నా కాగితాలు, మా చెల్లి కాగితాలు, ఆ తర్వాత తెలిసినవాళ్లవి కలిపి చాలా కవర్ల వెంట తిరిగాను కాబట్టి, పదేపదే అడిగేవన్నీ ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను.

మొదట మూడు మాటలు విడివిడిగా గుర్తుపెట్టుకోండి. అటెస్టేషన్ అంటే ఈ కాగితం నకిలీది కాదని ప్రభుత్వం ముద్ర వేయడం (ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య చెల్లే అలాంటి ముద్రే అపోస్టిల్). ఎవాల్యుయేషన్ అంటే మీ చదువు అక్కడి ఏ చదువుకు సమానమో ఒక సంస్థ లెక్కగట్టి చెప్పడం. లైసెన్స్ అంటే ఆ వృత్తి చేసుకోవడానికి అక్కడి కౌన్సిల్ ఇచ్చే అనుమతి. ఒకటి చేయించుకుంటే మిగతా రెండూ అయిపోయినట్టు కాదు. నర్సుగా దుబాయ్ వెళ్లే అమ్మాయికి డిగ్రీ మీద ముద్ర ఉన్నా లైసెన్స్ లేకపోతే వార్డులో అడుగుపెట్టనివ్వరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో కెనడా శాశ్వత నివాసానికి, అంటే పీఆర్‌కు వెళ్లే అబ్బాయికి ఎవాల్యుయేషన్ రిపోర్టే ముఖ్యం, అపోస్టిల్ కోసం తిరగాల్సిన పనే ఉండదు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ లేదా బీటెక్ సెమిస్టర్ మెమోలన్నీ (సప్లీలు రాసినవి కూడా), సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా), పాస్‌పోర్టు. ఉద్యోగం చేసినవాళ్లు అనుభవ ధ్రువపత్రాలు, నర్సులు, ఫార్మసిస్టులు కౌన్సిల్ రిజిస్ట్రేషన్. అన్నీ రంగుల్లో, నాలుగు అంచులూ కనిపించేలా, వెనకవైపు కూడా స్కాన్ చేసుకోండి. ఫోన్‌లో నీడ పడేలా తీసిన ఫోటోలు పంపితే, ఇంకోసారి పంపమని మెయిల్ వస్తుంది, అంతలో పది రోజులు పోతాయి.

పీసీతోనే కాలం గడిపేస్తున్నవాళ్లు ఓడీకి ఇవాళే అప్లై చేయండి. గల్ఫ్ అటెస్టేషన్‌కు ఓడీ అడుగుతారు. కోర్సు అయిపోయి పదేళ్లయినా ఓడీ తీసుకోనివాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు.

ఒక హెచ్చరిక. సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించకండి. నేను టెన్త్ పాసైన రోజు మా నాన్న ఎంతో మురిపెంగా మెమోను తీసుకెళ్లి కోఠిలో లామినేషన్ చేయించుకొచ్చారు. పదిహేనేళ్ల తర్వాత అదే మెమో వెనకవైపు ముద్ర వేయాల్సి వచ్చింది. ప్లాస్టిక్ మీద సిరా నిలవదు, స్టిక్కర్ అంటించినా ఒప్పుకోరు. ఇస్త్రీపెట్టె వేడితో ఊడదీయొచ్చని ఎవరో చెప్తే ఒక మూల ప్రయత్నించాను. ప్లాస్టిక్‌తో పాటు కాగితం పొర, దాని మీది అక్షరాలు లేచి వచ్చాయి. మీరు ఆ పని చేయకండి. టెన్త్ మెమో అయితే నాంపల్లి చాపెల్ రోడ్డులోని ప్రభుత్వ పరీక్షల కార్యాలయం, ఇంటర్ అయితే నాంపల్లి విద్యా భవన్‌లోని ఇంటర్ బోర్డు, డిగ్రీ అయితే మీ యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్. అక్కడ డూప్లికేట్‌కు అప్లై చేసుకోవడమే సురక్షితం.

1. అడిగేది ఎవరో రాతపూర్వకంగా తెలుసుకోండి

మీ కంపెనీ హెచ్‌ఆర్‌కో, చేరబోయే యూనివర్సిటీకో, అక్కడి కౌన్సిల్‌కో మెయిల్ పెట్టండి: "నా ఏ సర్టిఫికెట్ కావాలి, ఎవరి ముద్ర కావాలి, ఏ సంస్థ రిపోర్టు ఒప్పుకుంటారు?" జవాబు మెయిల్‌లోనే ఉండాలి. ఫోన్‌లో విన్న మాట నమ్మి ఇంటర్ మెమోకు కూడా అటెస్టేషన్ చేయించుకున్నవాళ్లు నాకు తెలుసు, చివరికి వాళ్లు అడిగింది డిగ్రీ ఒక్కటే.

కన్సల్టెన్సీ ఇచ్చిన లిస్టును ఈ జవాబుగా తీసుకోవద్దు. వాళ్ల లిస్టు అందరికీ ఒకటే ఉంటుంది.

2. పేర్లు సరిచూడండి

దీని మీద ఒక సాయంత్రం పూర్తిగా పెట్టండి. మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే.

మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది, మెమోల్లో అది ఒక్క అక్షరమై పోతుంది. టెన్త్ మెమోలో "కె. లక్ష్మీ ప్రసన్న", బీటెక్ మెమోలో "లక్ష్మీ ప్రసన్న కె", పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పెళ్లయ్యాక మార్పించుకుంటే భర్త ఇంటిపేరు. మనకు వీళ్లంతా ఒక్కరే. టొరంటోలోనో, జర్మనీలోని బాన్‌లోనో కూర్చుని ఫైలు చూసేవాళ్లకు నలుగురు మనుషులు.

ఇలా చేయండి. ఒక కాగితం మీద గీతలు గీసి పట్టిక వేసుకోండి. ఎడమవైపు సర్టిఫికెట్ల పేర్లు, పక్కన మీ పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ. ప్రతి సర్టిఫికెట్ మీద ఎలా ఉందో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో సహా, చుక్కా ఖాళీ కూడా వదలకుండా రాయండి. తేడా కనిపిస్తే:

ఇంటిపేరు పొట్టిగా ఒకచోట, పొడుగ్గా ఇంకోచోట ఉంటే, ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చాలాచోట్ల చాలుతుంది. ఒప్పుకుంటారో లేదో ఒకటో దశలో అడిగిన సంస్థనే అడగండి.

పెళ్లి తర్వాత పేరు మారితే వివాహ నమోదు పత్రం జత చేయండి. మా చెల్లి పాస్‌పోర్టులో పేరు మార్చుకోలేదు, ఆమె పని సాఫీగా అయిపోయింది. ప్రాసెస్ మధ్యలో ఉన్నప్పుడు మాత్రం పేరు మార్చకండి. సగం కాగితాలు పాత పేరుతో, సగం కొత్త పేరుతో తయారవుతాయి.

స్పెల్లింగే తప్పైనా, పుట్టిన తేదీ తేడా ఉన్నా అఫిడవిట్‌తో నెట్టుకురావాలని చూడకండి. ఆ సర్టిఫికెట్ ఇచ్చిన బోర్డులోనో యూనివర్సిటీలోనో సవరణ చేయించండి. నెలలు పడుతుంది, అందుకే మొదట చూసుకోమంటున్నాను.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందా? అమెరికా వీసా మీద అలాంటివాళ్లకు మొదటి పేరు గడిలో "ఎఫ్‌ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఆ తర్వాత బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్స్, డిగ్రీ రిపోర్టు అన్నిచోట్లా అదే తలనొప్పి. ప్రయాణానికి టైమ్ ఉంటే పాస్‌పోర్టు రీ-ఇష్యూలో సరిచేయించుకోండి.

3. ఏ యూనివర్సిటీ గడప తొక్కాలో తేల్చుకోండి

కాలేజీ పక్క వీధిలోనే ఉన్నా మీ రికార్డు ఇంకో ఊళ్లో ఉండొచ్చు. వరంగల్‌లో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం రాకముందు హైదరాబాద్ కాలేజీల్లో ఎంబీబీఎస్, బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ చదివినవాళ్లకు పట్టా ఇచ్చింది విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. వాళ్లు ట్రాన్‌స్క్రిప్టుకు (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పూర్తి పట్టికకు) విజయవాడనే అడగాలి. ఆ యూనివర్సిటీ పేరు 2022లో వైఎస్సార్‌గా మారి 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. మీ కాగితాల్లో రెండు పేర్లూ ఉంటే, పేరు మారిందని చూపే కాగితం ఒకటి యూనివర్సిటీ నుంచి తీసుకుని జత చేయండి.

జేఎన్‌టీయూ కూడా 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయింది. అటూ ఇటూగా చదివినవాళ్లకు పట్టా మీద ఒక పేరు, ఇవాళ ఆ కాలేజీ బోర్డు మీద ఇంకో పేరు ఉంటుంది. ఆన్‌లైన్ ఫారంలో పట్టా మీద ఉన్న పేరే ఎంచుకోండి.

అటానమస్ కాలేజీల్లో మెమోలు కాలేజీ ఇస్తుంది, పట్టా యూనివర్సిటీ ఇస్తుంది. ట్రాన్‌స్క్రిప్టు కవర్ మీద ఎవరి సంతకం ఉండాలో ఎవాల్యుయేషన్ సంస్థను అడిగాకే కాలేజీకి వెళ్లండి.

4. ట్రాన్‌స్క్రిప్టు, సీల్డ్ కవర్

ఎవాల్యుయేషన్ సంస్థలు మెమోలను మీ చేతి నుంచి తీసుకోవు. యూనివర్సిటీ నుంచే రావాలి. డబ్ల్యూఈఎస్ (కెనడా, అమెరికాలకు రిపోర్టులిచ్చే ఎవాల్యుయేషన్ సంస్థ) అయితే ముందు ఆన్‌లైన్‌లో ఖాతా తెరిచి డబ్బు కడితే రిఫరెన్స్ నంబర్ వస్తుంది. ఆ నంబర్‌తో పాటు వాళ్ల రిక్వెస్ట్ ఫారంను ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కు ఇవ్వాలి. నంబర్ రాకముందే కవర్లు చేయించుకుంటే కవర్ ఎవరిదో వాళ్లకు తెలియదు, అది ఎక్కడో పడి ఉంటుంది.

కవర్ చేతికి వచ్చాక కౌంటర్ దగ్గర్నుంచి కదలకుండా ఇవి చూడండి. ఫ్లాప్ మీద అధికారి సంతకం ఉందా? గుండ్రటి ముద్ర సగం ఫ్లాప్ మీద, సగం కవర్ మీద పడిందా? పైన రిఫరెన్స్ నంబర్, మీ పేరు, యూనివర్సిటీ పేరు స్పష్టంగా ఉన్నాయా? లోపల ట్రాన్‌స్క్రిప్టుతో పాటు ఫారం కూడా పెట్టారా? ఇది సీల్ వేసేముందే అడగాలి, తర్వాత చూడలేం. సంతకం మీద పారదర్శక టేప్ అంటించమని అడగండి, కొరియర్‌లో చెరిగిపోదు.

కవర్ ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి. మా చెల్లి కవర్ ఇంటికి వచ్చిన రోజు మా అమ్మ, మార్కులు సరిగ్గా వేశారో లేదో అని అంచు కాస్త తెరిచి చూసి మళ్లీ జిగురు పెట్టింది. మాకు చెప్పలేదు. కొరియర్‌లో వేసేటప్పుడు ఫ్లాప్ మీద ముద్ర రెండు ముక్కలై, గీత కలవకుండా కనిపించింది. మళ్లీ అప్లికేషన్, మళ్లీ చలానా, మళ్లీ మూడు వారాలు. ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టండి.

ఒకటి కాదు, మూడు కవర్లు చేయించుకోండి. ఒకటి పోయినా, రేపు ఇంకో సంస్థ అడిగినా పనికొస్తుంది. సీల్ చేయనిది ఒక సెట్ మీ దగ్గర ఉంచుకోండి. మార్కులు సరిచూసుకోవడానికి అది చాలు.

ఊళ్లో లేనివాళ్లు అధికార పత్రం, ఐడీ కాపీలతో ఇంట్లోవాళ్లను పంపొచ్చు. యూనివర్సిటీ నుంచి నేరుగా ఆన్‌లైన్‌లో పంపే వీలుందేమో కూడా అడగండి. ఉంటే అన్నిటికన్నా అదే మేలు.

5. అటెస్టేషన్ లేదా అపోస్టిల్ (అడిగితేనే)

వరుస ఇది: ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ (అందరూ హెచ్‌ఆర్‌డీ అంటారు), తర్వాత విదేశాంగ శాఖ. అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశానికైతే అక్కడితో ఆగుతుంది. లేని దేశానికైతే ఆ దేశ ఎంబసీ, ఆ తర్వాత అక్కడికెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ.

భారత్ ఈ ఒప్పందంలో 2005 నుంచి ఉంది. సౌదీ 2022 డిసెంబరులో, కెనడా 2024 జనవరిలో చేరాయి. ఒమన్, బహ్రెయిన్ అంతకుముందే ఉన్నాయి. యూఏఈ, కువైట్, ఖతర్ చేరలేదు కాబట్టి వాటికి ఎంబసీ ముద్ర దాకా వెళ్లాలి. సౌదీకి ఇంకా ఎంబసీ ముద్ర కావాలని ఎవరైనా డబ్బు అడిగితే, ఎందుకో మీ కంపెనీని అడిగి చూడండి.

రాష్ట్రం అంటే మీరుండే రాష్ట్రం కాదు, పట్టా ఇచ్చిన యూనివర్సిటీ ఉన్న రాష్ట్రం. మియాపూర్‌లో ఉంటున్నా ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీకి ఆంధ్రప్రదేశ్ ముద్రే కావాలి. అన్నా యూనివర్సిటీ అయితే తమిళనాడు.

విదేశాంగ శాఖ పని ఇప్పుడు హైదరాబాద్‌లోనే అవుతుంది, ఢిల్లీ దాకా పంపనక్కర్లేదు. కాగితాలు నేరుగా తీసుకోరు, శాఖ నియమించిన ఏజెన్సీల ద్వారా ఇవ్వాలి. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము కాగితానికి 50 రూపాయలు, దాని మీద ఏజెన్సీ సర్వీసు ఛార్జీ. బయటి ఏజెంట్ వేలల్లో చెప్తే, అందులో హెచ్‌ఆర్‌డీకెంత, ఎంబసీకెంత, తన పనికెంత అని విడగొట్టి రాసిమ్మనండి.

ఏజెంట్‌ను ఇంకో ప్రశ్న కూడా అడగండి: "హెచ్‌ఆర్‌డీ ముద్రా, ఢిల్లీ ఎస్‌డీఎం ముద్రా?" ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) దారి తొందరగా అవుతుందని ఊరిస్తారు. కానీ కొన్నిచోట్ల హెచ్‌ఆర్‌డీ ముద్రే కావాలంటారు, అప్పుడు మొత్తం మొదటికొస్తుంది. ఓడీ ఒరిజినల్ ఇచ్చేటప్పుడు తేదీతో రసీదు తీసుకోండి, రెండు వైపులా ఫోటో తీసి ఉంచుకోండి.

6. ఎవాల్యుయేషన్

కెనడా పీఆర్‌కు ఈసీఏ (మీ చదువు అక్కడి దేనికి సమానమో చెప్పే రిపోర్టు) కావాలి. డబ్ల్యూఈఎస్ సైట్లో రకరకాల రిపోర్టులుంటాయి. తొందరలో మామూలు రిపోర్టుకు డబ్బు కట్టేసి, అది ఇమ్మిగ్రేషన్‌కు పనికిరాదని తర్వాత తెలుసుకునేవాళ్లు ఉన్నారు. "ఈసీఏ, ఇమ్మిగ్రేషన్ కోసం" అని ఉన్నదే ఎంచుకోండి. ఈసీఏ 5 ఏళ్లు చెల్లుతుంది. బ్యాచిలర్స్‌తో పాటు ఇంకో డిగ్రీగానీ డిప్లొమాగానీ ఉంటే రెండిటికీ చేయించుకోండి, పాయింట్లలో తేడా వస్తుంది. డాక్టర్లు, ఫార్మసిస్టులు ఆగండి: మీకు డబ్ల్యూఈఎస్ కాదు. డాక్టర్లకు ఎంసీసీ (మెడికల్ కౌన్సిల్ ఆఫ్ కెనడా), ఫార్మసిస్టులకు పీఈబీసీ (కెనడా ఫార్మసీ పరీక్షల బోర్డు) ఉన్నాయి.

జర్మనీకి ముందు పైసా ఖర్చు లేకుండా, విదేశీ చదువుల వివరాలుండే అనబిన్ డేటాబేస్‌లో చూసుకోండి. రెండు చోట్ల చూడాలి. ఒకటి, మీ యూనివర్సిటీకి "హెచ్ ప్లస్" (గుర్తింపు ఉందని చూపే గుర్తు) ఉందా. కాలేజీ పేరుతో వెతికి దొరకలేదని కంగారు పడతారు, పట్టా ఇచ్చిన యూనివర్సిటీ పేరుతో వెతకండి. రెండు, మీ డిగ్రీ పక్కన సమానమని ఉందా. రెండూ ఉంటే ఆ పేజీల ప్రింటే వీసా ఫైలులో పెట్టొచ్చు. ఏ ఒక్కటి లేకపోయినా విదేశీ పట్టాలను లెక్కగట్టే ఆఫీసు, బాన్‌లోని జడ్‌ఏబీకి అప్లై చేయాలి, దానికి 200 యూరోల పైనే రుసుము. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని చెప్పేది) వేరే సంగతి. అది 2022 నవంబరు నుంచి అక్కడ చదవడానికి వెళ్లే విద్యార్థులకు తప్పనిసరి, ఉద్యోగానికి గుర్తింపు పత్రం కాదు.

ఆస్ట్రేలియాకు వృత్తిని బట్టి సంస్థ మారుతుంది. ఐటీవాళ్లకు ఏసీఎస్ (ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ), ఇంజినీర్లకు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా. ఇంజినీర్లు చాలామంది సీడీఆర్ (తమ నైపుణ్యం చూపే రిపోర్టు) రాయాలి, అందులో మీరు చేసిన పనుల మీద మూడు కెరీర్ ఎపిసోడ్లు. అమీర్‌పేటలో రెడీమేడ్ సీడీఆర్‌లు దొరుకుతాయని ఎవరైనా చెప్తే దయచేసి వెళ్లకండి. ఇంజినీర్స్ ఆస్ట్రేలియా దగ్గర కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. దొరికితే తిరస్కరణతో పాటు నిషేధం కూడా పడుతుంది. సైట్లో మీరు పోయించిన స్లాబ్ గురించి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, అదే రాయండి.

అమెరికాలో మన మూడేళ్ల బీకాం, బీఎస్సీలను నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా చూడని సందర్భాలు ఎక్కువ. హెచ్-1బీలో మూడేళ్ల అనుభవాన్ని ఒక ఏడాది చదువుగా లెక్కగట్టే పద్ధతి ఉంది, కాబట్టి పాత కంపెనీల అనుభవ పత్రాలు పారేయకండి.

7. లైసెన్స్ కావాల్సిన వృత్తులు

నర్సులే ఎక్కువమంది అడుగుతారు కాబట్టి వాళ్ల సంగతి కాస్త వివరంగా.

గల్ఫ్‌కు డేటాఫ్లో వెరిఫికేషన్ ఉంటుంది. వాళ్లు మీ యూనివర్సిటీకి, నర్సింగ్ కౌన్సిల్‌కి, పనిచేసిన ఆస్పత్రికి నేరుగా రాస్తారు. జవాబు రాకపోతే రిపోర్టు "వెరిఫై చేయలేకపోయాం" అని వస్తుంది, తప్పు మీది కాకపోయినా. అందుకే అప్లై చేసేముందే పాత ఆస్పత్రి హెచ్‌ఆర్ దగ్గరకు వెళ్లి, మెయిల్ ఏ ఐడీకి వస్తుందో, ఎవరు జవాబిస్తారో మాట్లాడుకోండి. చేరిన తేదీ, మానేసిన తేదీ సర్టిఫికెట్‌లో ఎలా ఉన్నాయో వాళ్ల రిజిస్టర్‌లోనూ అలాగే ఉన్నాయో అడగండి. నెల తేడా ఉన్నా పట్టుకుంటారు. మా చెల్లి పనిచేసిన ఒక చిన్న ఆస్పత్రి మూతపడింది. అపాయింట్‌మెంట్ ఆర్డర్, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ పాస్‌బుక్ పెట్టి వివరణ రాసుకున్నాం.

యూకేకు ఎన్‌ఎంసీ (అక్కడి నర్సింగ్ కౌన్సిల్): ఐఈఎల్‌టీఎస్‌లో రాతలో 6.5, మిగతా మూడింటిలో 7, లేదా ఓఈటీ (వైద్యరంగంవాళ్ల ఇంగ్లిష్ పరీక్ష). ఆ తర్వాత సీబీటీ (కంప్యూటర్ మీద రాసే పరీక్ష), అక్కడికెళ్లాక ఓస్కీ (చేసి చూపే ప్రాక్టికల్ పరీక్ష). అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష, దీని కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. జర్మనీకి బీ2 స్థాయి జర్మన్ భాష, ఆపై ఆ రాష్ట్ర అధికారులు మీ చదువులో లోటు లెక్కగట్టి శిక్షణో పరీక్షో చెప్తారు. లోటు ఉందని కాగితం వస్తే తిరస్కరించారనుకుని ఏడ్చినవాళ్లున్నారు. అది తిరస్కరణ కాదు, తర్వాత ఏం చేయాలో చెప్పే కాగితం. జర్మనీ నర్సింగ్‌కు ప్రైవేటు ఏజెంట్ల దగ్గరకు వెళ్లేముందు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ఒకసారి కనుక్కోండి.

మీ మీద ఫిర్యాదులేమీ లేవని కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌ను ముందే తీసి బీరువాలో పెట్టకండి. దానికి కొన్ని నెలల గడువే ఉంటుంది. మిగతావన్నీ సిద్ధమయ్యాక ఆఖర్న తీసుకోండి.

8. రిపోర్టు వచ్చాక సరిచూసుకోవడం

సంతోషంలో నేరుగా అప్‌లోడ్ చేసేయకండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా? కోర్సు పూర్తైన సంవత్సరం సరైనదేనా? సప్లీ రాసి పాసైనవాళ్లకు ఇక్కడ తేడా వస్తుంటుంది. బీటెక్‌ను నాలుగేళ్ల బ్యాచిలర్స్‌గా చూపించారా? పీజీని వదిలేశారా? తప్పు కనిపిస్తే సంస్థకు రివ్యూ అడుగుతూ, రుజువుగా ఏ మెమో చూడాలో పేజీ నంబర్‌తో సహా రాయండి. "నా రిపోర్టు తప్పు" అని ఒక్క వాక్యం రాస్తే మళ్లీ అదే జవాబు వస్తుంది.

ముద్రలున్న కాగితాలైతే, అపోస్టిల్ స్టిక్కర్ మీది నంబర్, తేదీ రాసి పెట్టుకోండి, విదేశాంగ శాఖ వెబ్‌సైట్లో ఆ నంబర్‌తో వెతికి చూడండి. ఏజెంట్ ఇచ్చిన వారం లోపే ఈ పని చేయండి. అక్కడ కనిపించకపోయినా, ఆ వారంలోనైతే ఏజెంట్ ఇంకా ఫోన్ ఎత్తుతాడు, రసీదు మీ చేతిలో ఉంటుంది.